గారెని తీసుకుని వేటకి వెళ్తున్నావట

చిన్నా,

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఆ చెవుల కుక్కని వెంటేసుకుని తుపాకీతో అడవిలోకి పోతాడట. నీ దగ్గర నేర్చిందే ఇదంతా. నువ్వే చెప్పి మానిపించు" అంది. అయోవాలో అడవి ఎక్కడుంది వదినా, మొక్కజొన్న చేల పక్కన గడ్డి బీడు, అంతే అన్నాను. ఆవిడకి కాస్త ధైర్యం వచ్చింది. ఫోన్ పెట్టేశాక నాకు పోయింది.

మానిపించడానికి రాయట్లేదురా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సగం భయం, సగం సంతోషం. మా ఆడపిల్లలిద్దరూ నా తుపాకీ పెట్టె వంక కూడా చూసేవాళ్ళు కాదు. ఈ మోకాళ్ళతో నేనూ రెండేళ్ళుగా బీడులో అడుగు పెట్టలేదు. ఇక మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే సరి అనుకున్నాను. నువ్వు నీ బీగిల్ కుక్కతో ఫెజెంట్ అనే అడవికోడి లాంటి పక్షి వేటకి బయల్దేరుతున్నావని వినగానే గ్యారేజీలో అటక మీది పెట్టె దింపి నా పాత విజిల్ వెతికాను. "ఎవరికోసం ఈ దుమ్మంతా" అని మీ పిన్ని అడిగింది. గారె కోసం అన్నాను. కుక్కకి గారె అని పేరేమిట్రా, ఆకలేసినప్పుడల్లా పిలిచేట్టు! అయినా ఒకందుకు మంచిదేలే, అదెందుకో తర్వాత చెప్తాను.

ముందు అందరూ చెప్పే మాటలు. 1972 తర్వాత పుట్టినవాడివి కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ పాసవందే మీ దగ్గర లైసెన్సు ఇవ్వరు. సీజన్ అక్టోబరు ఆఖరి శనివారం మొదలవుతుంది, పొద్దున 8 నుంచి సాయంత్రం 4.30 దాకా. రోజుకి మూడు పుంజులు, పెట్టని ముట్టుకోకూడదు. శుభ్రం చేసినా ఇంటికి చేరేదాకా కాలో తలో రెక్కో ఉంచాలి, పుంజేనని తెలియాలి కదా. ఒంటి మీద నారింజ రంగు తప్పదు. పొలం ఎవరిదైతే వాళ్ళని వెళ్ళి అడుగు, ఫోన్‌లో కాదు, గుమ్మం దగ్గర టోపీ తీసి అడుగు. కంచె దాటేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి. ఇవన్నీ క్లాసులో వాళ్ళే చెప్తారు, నాకంటే బాగా చెప్తారు.

వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. నీకు గ్రీన్ కార్డు వచ్చింది, నీ గురించి బెంగ లేదు. నీతో వస్తామంటున్న ఆఫీసు కుర్రాళ్ళలో సగం మంది హెచ్-1బీ మీద ఉన్నారని మీ అమ్మే చెప్పింది. ఆ వీసాలో ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉన్నవాడికి మినహాయింపు ఉంది. లేనివాడు "ఒక్కసారి పట్టుకుని ఫొటో దిగుతాను" అన్నా ఇవ్వకు. ఫొటో మోజులో పడి వాడు ఏళ్ళ తరబడి క్యూలో నిలబడి తెచ్చుకున్న కాగితాలు మంటగలపకు. చాదస్తం అనుకుంటే అనుకో. 1979లో బాపట్ల కాలేజీ సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని సౌత్ డకోటాలోని బ్రూకింగ్స్‌లో దిగిన రోజు నుంచీ నాకు ఈ దేశంలో రెండే భయాలు, ఒకటి కాగితాలు పోవడం, రెండోది కుక్క పోవడం. రెండోదాని గురించే ఈ ఉత్తరం.

బీగిల్‌తో పక్షి వేట అంటే అక్కడివాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. వాళ్ళ లెక్కలో పక్షికి పాయింటర్ ఉంది, పక్షిని పసిగట్టి కాలెత్తి బొమ్మలా నిలబడిపోతుంది. స్పానియల్ ఉంది, పొదలోకి దూరి పక్షిని లేపుతుంది. ల్యాబ్రడార్ ఉంది, పడిన పక్షిని తెచ్చి చేతిలో పెడుతుంది. బీగిల్ కుందేళ్ళకి పుట్టిన కుక్క, నేల మీద ముక్కు ఆనించి, పాదాల వాసన పట్టుకుని, గొంతెత్తి అరుచుకుంటూ పోతుంది. దాన్ని పక్షి మీదికి తేవడమంటే ఎద్దుని పల్లకీ మొయ్యమన్నట్టు అని ఒకాయన నా ఎదురుగానే నవ్వాడు. ఆయన మాట అదే కాదులే, నేను తెలుగు చేశాను.

చిన్నప్పుడు మన ఊరి చేలల్లో ఊరకుక్కలు కుందేళ్ళని తరమడం చూశాను. అవి కంటితో తరిమేవి. కుందేలు కనపడినంతసేపే ఆ పరుగు, గట్టు దాటి మాయమైతే నాలుక బయటపెట్టి వెనక్కి వచ్చేవి. ముధోల్, రాజపాళయం, రాంపూర్, మన దేశంలో పేరున్న వేటకుక్కలు చాలా వరకు ఆ తరహావే. కనపడనిదాన్ని అరగంట తర్వాత కూడా వదలకుండా పోయే కుక్కని నేను ఇక్కడికి వచ్చాకే చూశాను. అక్కడ ఇప్పుడు వేటే లేదు, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆగింది, ఆగడమే మంచిదైంది. ఇక్కడ ఈ ఫెజెంట్ చైనా నుంచి తెచ్చి వదిలిన పక్షి, పొలాల్లో కోళ్ళలా పెరిగింది. సౌత్ డకోటా వాళ్ళు 1943లో దాన్నే రాష్ట్ర పక్షిని చేసుకున్నారు. వలసొచ్చినవాడికి ఇంతకంటే మర్యాద ఏం జరుగుతుంది చెప్పు.

మరి బీగిల్ ఎందుకు పనికొస్తుందంటే, ఫెజెంట్ పుంజుకి ఎగరడం ఇష్టం ఉండదు. పరిగెడుతుంది. తల వంచి, తోక నేలకానించి, జొన్న చాళ్ళ మధ్య దొంగలా పరిగెడుతుంది. పాయింటర్ బొమ్మలా నిలబడే ఉంటుంది, పుంజు అవతలి గట్టెక్కి నవ్వుకుంటుంది. పరిగెత్తే పక్షి నేల మీద వాసనతో గీత గీసుకుంటూ పోతుంది. ఆ గీత చదవడమే బీగిల్ చదువు. పొద్దున మంచు కరుగుతున్నప్పుడు, నేల తడిగా ఉండి గాలి నెమ్మదిగా వీస్తున్నప్పుడు ఆ గీత చాలాసేపు నిలుస్తుంది. ఎండ ముదిరి పొడిగాలి కొడితే చెరిగిపోతుంది. మధ్యాహ్నం గారె మొద్దులా తిరుగుతుంటే దాన్ని తిట్టకు, ఇంటికి తీసుకెళ్ళు.

గారె తోక చివర తెల్లగా ఉంది చూశావా? అందానికి కాదు. నడుం లోతు గడ్డిలో నీకు కనపడేది ఆ తెల్ల కుచ్చు ఒక్కటే. మామూలుగా అటూ ఇటూ ఊగుతుంటుంది. వాసన తగలగానే గుండ్రంగా, వేగంగా తిరుగుతుంది. తర్వాత ముక్కులోంచి సన్నగా ఏడుపులాంటి మూలుగు. తర్వాత గొంతు. మూలుగు వినపడ్డాక పక్షి లేచేలోపు నీకు పది సెకన్లు ఉంటాయనుకో. అప్పుడు కుక్కని ఆపాలని చూడకు, ఆగదు. నువ్వు పరిగెత్తు. ముప్పై ఐదు గజాలు దాటితే నీ గుళ్ళకి బలం ఉండదు, దెబ్బ తగిలి పడకుండా ఎగిరిపోయిన పక్షి పాపం నీదే. అందుకే వాసన లేనప్పుడే దాన్ని దగ్గర ఉంచుకోవాలి. పాతిక గజాలు దాటగానే నువ్వు మాట్లాడకుండా పక్కకి తిరిగి నడు. నాలుగు సార్లకి అదే వెనక్కి చూడడం నేర్చుకుంటుంది. పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకునేవాడి మాట ఏ కుక్కా వినదు.

పక్షి తక్కువ ఎత్తులో లేస్తే కాల్చొద్దు. నేల మీద పరిగెడుతున్నదాన్ని అసలే కాల్చొద్దు, వెనకాలే గడ్డిలో గారె ఉంటుంది. రెక్క కింద ఆకాశం కనపడితేనే తుపాకీ ఎత్తు. ఇంతకంటే దీని గురించి రాయను, రాస్తుంటేనే చెయ్యి వణుకుతోంది.

తెచ్చి ఇవ్వడం గురించి అడిగావట. నా బీగిల్ చిట్టి నా దగ్గర పదమూడేళ్ళు బతికింది, ఏ ఏడాదీ పక్షిని నా చేతిలో పెట్టలేదు. కనిపెట్టేది, దాని మీద నిలబడి ఊరంతా వినపడేలా ఊళ పెట్టేది. నేను వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. మీ పిన్ని దీనికి "నువ్వే దాని ల్యాబ్రడార్‌వి" అని పేరు పెట్టింది. అంతకంటే ఆశపడితే ఇప్పట్నుంచే మొదలుపెట్టు. ఫెజెంట్ రెక్క ఒకటి సంపాదించి మేజోడులో పెట్టి, ఇంట్లో హాల్లో విసురు, తలుపులన్నీ మూసి, అది నీ వైపు తప్ప ఇంకెటూ పోలేకుండా. నోట్లోంచి ఎప్పుడూ లాక్కోకు. లివర్ ముక్క చూపించి మార్చుకో. లాక్కుంటే రెండిట్లో ఒకటి నేర్చుకుంటుంది, మింగడమో, తీసుకుని పారిపోవడమో.

వాసన గీత నేర్పడానికి చచ్చిన పక్షిని తాడు కట్టి గడ్డిలో ఈడ్చాలి. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని విను. తాడు నా వెనకే ఈడ్చుకుంటూ నడిచాను, చిట్టి చక్కగా వెంబడించింది, నేను పొంగిపోయాను. నెల రోజులయ్యాక తెలిసింది, అది వెంబడిస్తున్నది నా బూట్ల వాసన. పొడుగాటి కర్ర చివర తాడు కట్టి పక్షిని నీకు పక్కగా, దూరంగా ఈడ్చు. లేదా తాడు రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుని మధ్యలో పక్షిని కట్టండి. కోడలమ్మాయిని సాయం పిలువు, నవ్వుతుంది గానీ వస్తుంది.

చిట్టి గొప్ప ఒక్కటి చెప్పుకోనీ. డి స్మెట్ ఊరి వైపు ఒక రైతు పొలంలో ఆరుగురం నడుస్తున్నాం, రెండు ల్యాబ్‌లు, ఒక పాయింటర్, నా చిట్టి. పుంజు ఒకటి రెక్క విరిగి జమ్ము మడుగు అంచున పడింది. పెద్ద కుక్కలు మూడూ పడిన చోటికి దూకి ఈకలు చుట్టూ తిరిగాయి, తలలెత్తి గాలి చూశాయి. ఏం లేదు. రెక్క పోయినా కాళ్ళు ఉన్నాయి కదా, అది ఎప్పుడో జారుకుంది. పది నిమిషాలు చూసి అందరూ ముందుకి పోదామన్నారు. చిట్టి ఈకల దగ్గర ఒక్కసారి తుమ్మి, తల దించి, మడుగు చుట్టూ తిరిగి, కంచె కింద నుంచి దూరి, కోసేసిన సోయా చేనులోకి గొంతెత్తుకుంటూ పోయింది. కుందేలు వెనక పడిందని వెనకాల ఎవరో అన్నారు. నేనూ అలాగే అనుకుని సిగ్గుపడ్డాను కూడా. రెండు వందల గజాలు దాటాక బ్యాడ్జర్ అనే జంతువు తవ్విన బొరియ దగ్గర ఆగి, తల లోపల పెట్టి, తోక బయట పెట్టి కేకలు. చెయ్యి పెడితే పుంజు తోక దొరికింది. ఆ రోజు తర్వాత దెబ్బతిన్న పక్షి పోయిందంటే "ఆ చిన్నదాన్ని పిలవండి" అనేవాళ్ళు. కానీ నిజం నిజంగానే చెప్పాలి, ఎగురుతూ చచ్చి దభీమని పడిన పక్షికి నేల మీద గీత ఉండదు, అలాంటిదాన్ని చిట్టి మూడడుగుల దూరంలో దాటిపోయిన రోజులున్నాయి. పడిన చోటు నువ్వే కళ్ళతో గుర్తుపెట్టుకో.

ఇప్పుడు రాణి సంగతి.

మన ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది, బాబాయ్ మొదటి కుక్క రాణి పిరికిది, తుపాకీ చప్పుడుకి పారిపోయింది, వేటకి పనికిరాలేదు అని. నీకూ అలాగే చెప్పాను. అది అబద్ధం. పూర్తిగా అబద్ధం కాదు, పారిపోయింది నిజమే.

1991. రాణికి పది నెలలు. ఆ వేసవంతా నేను పరిశోధన మళ్ళలో మట్టి నమూనాలు తీస్తుంటే నా వెంట తిరిగి, ఎవరూ నేర్పకుండానే ఫెజెంట్ పిల్లల్ని వాసన పట్టేది. దాని ముక్కు చిట్టికి కూడా లేదు. చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు. నేను వినిపించలేదు. సీజన్ మొదటి రోజు, మేం పది మందిమి వరసగా నడుస్తున్నాం. తోటివాణ్ణి అడిగాను, కుక్కకి తుపాకీ అలవాటు లేదు, ఏం చెయ్యమంటావని. "దాని మీదుగా ఒకటి పేల్చు, అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాట అన్నవాడి మీద నాకు కోపం లేదు. అడిగిన అరగంటలో పేల్చింది నేను.

రాణి పుంజుని లేపింది. కుక్కకీ నాకూ మధ్య రెండు గజాలు లేదు. 12 గేజ్ తుపాకీ, సరిగ్గా దాని తల మీదుగా. పక్షి పడింది. నా చేతి మీద నేను కాల్చి పడిన మొదటి పుంజు అది, నేను దాని వైపు పరిగెత్తాను. చిన్నా, ఇన్నేళ్ళుగా మింగుడుపడనిది ఇదే. ముందు పక్షి దగ్గరికి వెళ్ళాను. తీసి, రంగులు చూసి, తోక ఈక ఎంత పొడుగుందో కొలిచి, అప్పుడు రాణికి చూపిద్దామని వెనక్కి తిరిగాను. గడ్డి ఊగుతోంది, కుక్క లేదు.

పిలిచాను. ఆ వరసలో మిగతావాళ్ళు కాలుస్తూనే ఉన్నారు, ఒక్కో పేలుడూ దాన్ని ఇంకో ఫర్లాంగు తోసింది. ఆపండి అని అరవడానికి మొహమాటపడ్డాను, ఆ గుంపులో నేనొక్కణ్ణే మనవాణ్ణి, మొదటిసారి పిలిచారు, నా కుక్క కోసం వేట ఆగడమా అని. ఆ మొహమాటం ఖరీదు ఎంతో సాయంత్రానికి తెలిసింది. అక్కడ మైలుకో మట్టి రోడ్డు, చదరంగం పలకలా. చీకటి పడేదాకా ఆ గళ్ళన్నీ కారులో తిరిగాను, అద్దం దించి, హారన్ కొడుతూ. హారన్ కూడా చప్పుడే కదా, దానికి ఇంకా భయమేస్తుందన్న బుద్ధి లేకపోయింది. రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి. హైవే అక్కడికి రెండు మైళ్ళు. దూరంగా కొయొటీలు, నక్కల్లాంటివి, అరుస్తున్నాయి.

పొలం ఆసామి ముసలాయన, కుందేళ్ళ బీగిల్స్ పెంచినవాడు. తిట్టలేదు, నవ్వలేదు. "ఎక్కడైతే నువ్వు చివరిసారి చూశావో అక్కడ నీ కోటు విప్పి పెట్టి వెళ్ళు. హౌండ్, అంటే వాసన పట్టి తరిమే కుక్క, తన గీత తానే వెనక్కి చదువుకుంటూ వస్తుంది. నువ్వు లేకపోయినా నీ వాసన ఉంటే అక్కడే ఆగుతుంది" అన్నాడు. కోటు విప్పి గడ్డి మీద పరిచి చొక్కాతో ఇంటికి వచ్చాను. మీ పిన్ని తలుపు తీసి, "కోటేదీ" అనబోయి నా వెనక చూసింది. ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, ఇద్దరం తినలేదు.

మర్నాడు తెల్లారకముందే వెళ్ళాను. కోటు మీద మంచు పొర. కుక్క లేదు. కానీ కోటు నేను పరిచినట్టు లేదు, ఒక చెయ్యి లోపలికి మడత పడింది, కాలరు దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. కోటు అక్కడే వదిలి ఆఫీసుకి వెళ్ళాను, పని చేశానో లేదో గుర్తు లేదు. రెండో రోజు పొద్దున కోటు మీద ఉంది. చుట్ట చుట్టుకుని, ముక్కు తోక కింద పెట్టుకుని. నేను కారు తలుపు మామూలుగానే వేశాను. ఆ చప్పుడుకి నేలకి కరుచుకుపోయింది. పిలిచినా రాలేదు. ఆ గడ్డిలో కూర్చుండిపోయాను, ఎంతసేపో. దానంతటది పాక్కుంటూ వచ్చి నా బూటు మీద తల పెట్టింది. కాలి గోళ్ళు మూడు చిట్లి ఉన్నాయి.

మళ్ళీ వేటకి రాలేదు. తుపాకీ సంచీ జిప్పు చప్పుడైతే మంచం కిందకి వెళ్ళేది. ప్రతి జూలై 4, ఇక్కడి స్వాతంత్ర్య దినం రాత్రీ మీ పిన్ని దాన్ని బాత్‌టబ్‌లో దుప్పటి మీద పడుకోబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని టపాకాయలు ఆగేదాకా ఏవో పాటలు పాడేది. దీపావళికి మా ఇంట్లో కాకరపువ్వొత్తులే. అడిగినవాళ్ళకల్లా "పిరికి కుక్క" అని చెప్పాను. పేలింది నా చేతిలో, పేరు దానికి పెట్టాను. మీ పిన్నికి తెలుసు, ఎప్పుడూ సరిదిద్దలేదు.

కాబట్టి గారెకి మొదటి పేలుడు నీ చేతి మీదుగా అసలు వద్దు. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి కారులో కూర్చోబెట్టడం లాంటి అతితెలివి కూడా వద్దు. స్నేహితుణ్ణి ఒకణ్ణి నూటయాభై గజాల దూరంలో నిలబెట్టు. బొమ్మ తుపాకీ చాలు, చిటికెంత చప్పుడు. గారె వాసన మీద పడి గొంతెత్తిన క్షణంలో, చెవులు పని చెయ్యనంత ఆనందంలో ఉన్నప్పుడు, ఒక్కటి. తల తిప్పిందా, ఆ రోజుకి ఆపెయ్. తిప్పలేదా, వారం తర్వాత ఇంకో పాతిక గజాలు దగ్గరికి. ఆ తర్వాత చిన్న తుపాకీ, ఆ తర్వాత నీది, అదీ 12 కంటే చిన్నదైన 20 గేజ్ అయితే మేలు. ఇలా రెండు నెలలు పడుతుంది. సీజన్‌కి టైము చాలకపోతే ఈ ఏడాది తుపాకీ ఇంట్లో పెట్టి గారెని ఊరికే తిప్పుకురా. పక్షులు పై ఏడూ ఉంటాయి. మొదటి రోజు నువ్వూ అదీ, ఇంకొక్కడు, అంతే. పది మంది వరసలోకి మొహమాటానికి వెళ్ళకు. ఈ ఒక్క మాట వినకపోతే నిజంగా నేను ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి నీ చెవి మెలేస్తాను, డెబ్భై దాటినా మెలెయ్యగలను.

పిలిస్తే రావడం. బీగిల్‌కి నీ మీద భక్తి ఉంటుందనుకోకు, తిండి మీద ఉంటుంది. ఎయిర్‌పోర్టుల్లో మన సంచులు వాసన చూసే కుక్కలున్నాయే, 1984లో లాస్ ఏంజెలెస్‌లో వ్యవసాయ శాఖవాళ్ళు ఈ బీగిల్స్‌తోనే మొదలుపెట్టారు. దాని జీతం ఒక బిస్కెట్ ముక్క. మీ పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో బంగినపల్లి మామిడికాయ పసిగట్టి, ఏమీ అనకుండా వచ్చి దాని పక్కన మర్యాదగా కూర్చుంది ఒకటి. ఆవిడ మొహం చూడాల్సింది. నువ్వూ గారెకి అన్నం పెట్టినప్పుడల్లా ముందు విజిల్ ఊదు, రోజుకి రెండు పూటలూ, ఏ ఒక్క రోజూ మానకుండా. విజిల్ అంటే గిన్నె అని దాని ఎముకల్లోకి ఎక్కాలి. పేరు పిలిచినా తిండే గుర్తొస్తే ఇంకా మంచిది, గారె అన్న పేరు మంచిదన్నది అందుకే. వచ్చాక తిట్టకు. గంట ఆలస్యంగా వచ్చినా లివర్ ముక్క పెట్టు, పళ్ళు కొరుక్కుంటూనైనా పెట్టు.

కుందేలు వెంట పోతే కంగారుపడకు, కుందేలు గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది, కుక్కా వస్తుంది. కానీ పక్షి వేట అని తీసుకెళ్ళినప్పుడు దాని ముందు కుందేల్ని కాల్చకు, ఏది నీకు కావాలో దానికి అనుమానం రాకూడదు. జింక మాత్రం తిన్నగా మైళ్ళు పోతుంది. జింక వెంట హౌండ్ పోయిందంటే హైవేలు దాటి పోతుంది, పైగా కుక్కతో జింకని తరిమించడం మీ దగ్గర నేరం. జింక అడుగులు తాజాగా కనపడిన బీడులో దాన్ని వదలకు, తాడు కట్టు. జీపీఎస్ కాలర్ కొనుక్కో. ఖరీదెక్కువని మీ అమ్మతో అన్నావట, తుపాకీ ఇంకొంచెం చవకది కొను. రాణి రోజుల్లో అలాంటిది ఉండి ఉంటే నా జీతంలో సగం ఇచ్చేవాణ్ణి.

మిగతావి చిన్నవి. ఫాక్స్‌టెయిల్ బార్లీ అని రోడ్ల పక్కన మెత్తటి కుచ్చులా కనపడే గడ్డి ఉంటుంది, మన కొర్ర కంకికి చుట్టం అనుకుంటావు, కాదు, అది బార్లీ జాతి. దాని ముళ్ళ గింజ చెవిలోనో కాలి వేళ్ళ మధ్యో దిగిందంటే వెనక్కి రాదు, లోపలికే పోతుంది. ఇంటికి రాగానే చెవులు, కళ్ళు, వేళ్ళ సందులు వెతికాకే నువ్వు కాఫీ తాగు. అక్టోబరులో ఎండ కాస్తే ఆ పొట్టి కాళ్ళ కుక్క నీకంటే నాలుగింతలు పరిగెత్తుతుంది, నీళ్ళు నువ్వు మోయాలి. డిసెంబరులో జమ్ము మడుగుల మీద పల్చటి ఐసు, దాని బరువు ఆపుతుంది, వెంటపడ్డ నీ బరువు ఆపదు. ఉచ్చులు పెట్టే కాలం, జేబులో తీగ తెంచే కటింగ్ ప్లయర్ ఉంచు. ప్రభుత్వ నీటి పక్షుల భూముల్లో సీసం గుళ్ళు వాడకూడదు. పక్షి మాంసంలో కొవ్వుండదు, వేపితే చెక్కైపోతుంది. గోంగూర వేసి సన్నటి సెగ మీద ఉడికించు, మీ పిన్నిని అడిగితే చెప్తుంది.

విజిల్ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, నోట్లో పెట్టుకునే ముందు కడుక్కో. నా కోటు కూడా పంపుదామనుకున్నాను గానీ గారెకి నా వాసనతో పనేముంది. నీ పాత చొక్కా ఒకటి ఇప్పట్నుంచే రాత్రిళ్ళు వేసుకుని పడుకో, సీజన్ అయ్యేదాకా ఉతకొద్దు, కారు డిక్కీలో ఉంచు. అమ్మాయి కంపు అని తిడితే బాబాయ్ చెప్పాడని చెప్పు.

సీజన్ మొదలయ్యే శనివారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాం. ఎన్ని పక్షులు అని నేనడగను. గారె పక్కన ఉందో లేదో ముందు అది చెప్పు.

మీ బాబాయ్